అవ్వ రాసిన అర్జీ

మా చిన్నప్పుడు... బడికి సెలవొస్తే నేను అవ్వ వెంట ఆఫీసుకు పోయేదాన్ని. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. బాపు చనిపోయాక ఆయన బదులు అవ్వకు ఆ సర్కారు ఆఫీసులో అటెండర్ కొలువిచ్చారు...

అవ్వ పదో తరగతి పాసైంది. అవ్వ కొలువులో చేరిన వారమే అటెండర్‌గా చేరిన రాజయ్య మామ ఏడుతోనే ఆపేశాడు. అయినా ఫైళ్లు ఆయనవి... చీపురు, చాయ్ గ్లాసులు అవ్వవి.

"ఆడమనిషి చెయ్యి పడితెనే ఆఫీసు సాఫ్‌గ ఉంటది" అనేవాడు పెద్ద గుమస్తా.

ఆ గ్లాసులు! గోడకు ఉమ్మితే పెద్దసారు తిడతాడని, చాయ్ తాగిన గ్లాసులోనే జర్దా ఉమ్మేవాళ్లు. అందులోనే బీడీ ముక్క నలిపేవాళ్లు. అవ్వ వేలు పెట్టి తీసేది. నేను ముక్కు మూసుకుంటే, "గట్ల జేయకు బిడ్డా, సూస్తే నవ్వుతరు" అనేది మెల్లగా.

ఓ ఏడాది రికార్డు గదిలో పనిచేసే ఆయన రిటైరయ్యాడు. ఆ పని తనకిమ్మని అవ్వ అర్జీ రాసింది. మూడుసార్లు రాసి చింపేసింది. నాలుగోసారి నా స్కేలుతో గీతలు కొట్టుకుని, ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసి పెద్ద గుమస్తాకు ఇచ్చింది.

"ఏంది లచ్చక్కా, ఫైళ్లు సదువుతవా? మరి చాయ్ ఎవలు వెడ్తరు, మన రాజయ్యనా?"

"నాకు పెట్టుడు రాదు సారూ... తాగుడే వస్తది!" అన్నాడు రాజయ్య మామ.

గదంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. "జర పెద్దసారుకు సూపెట్టుండ్రి" అంది.

సాయంత్రం కడగడానికి గ్లాసులు తెచ్చింది. ఒకదాంట్లో ఉమ్మిలో నానుతున్న కాగితం ముద్ద... మిర్చి బజ్జీల నూనె తుడుచుకుని కుక్కారు. విప్పి చూస్తే నా స్కేలు గీతలు... అవ్వ అక్షరాలు.

అవ్వ ఏడవలేదు. "రోత" అంది. ఒక్కటే మాట. గ్లాసు కడిగి బోర్లించింది.

రికార్డు గది రాజయ్య మామకు ఇచ్చారు.

ఇప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. కొత్త మాటలంటే పిచ్చి. ఏవగింపు, జుగుప్స... నిఘంటువులో ఎన్ని వెతికినా ఆ సాయంత్రానికి అవ్వ మాటే సరిపోతుంది. చాలా దేశాల్లో సర్కారు ఆఫీసులు ఊడ్చేదీ, కడిగేదీ ఆడవాళ్లేనని మొన్న క్లాసులో విన్నప్పుడు నాకు ఆ గ్లాసే కనిపించింది.

ఆ ఆఫీసుకు ఈమధ్య సర్టిఫికెట్ కోసం పోయాను. టైల్స్, ఏసీ, కంప్యూటర్లు... చాయ్ పంచుతున్న కొత్తమ్మాయిని పలకరిస్తే, డిగ్రీ పాసైందట.

అవ్వ ఇప్పుడు బదిలీ మీద వేరే ఊళ్లో, అదే కొలువులో ఉంది. మళ్లీ ఏ అర్జీ రాయలేదు... మీ ఇంట్లో ఎవరైనా రాసి ఉంటే, అది ఏమైందో చెప్పండి.