రెండు రేడియోలు, రెండు పలకలు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల్లో నేను మార్కాపురం కోడలిగా వచ్చినాను. మా తోటికోడలిని అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టిల్లు రాచర్ల దగ్గర ఒక పల్లె. ఆ ఏడు వానలకు వాళ్ల నాయన మందలో గొర్రెలన్నీ గిట్టలు కుళ్లి కుంటుతున్నాయని కబురొచ్చింది. అక్క రేడియో వాళ్లకు కార్డు రాసింది. గురువారం సాయంత్రం రైతుల కార్యక్రమంలో మందు చెప్తామని జవాబొచ్చింది.

మా ఇంట్లో బ్యాటరీ రేడియో ఉండేది. పొద్దుగూకితే దాని గొంతు కాసేపు గట్టిగా వినపడేది, కాసేపు నూతిలోంచి వచ్చినట్టుండేది.

"సరిగ్గా మందు పేరు చెప్పేటప్పుడే పోతే ఎట్లక్కా?" అన్నాను.

"మొన్న వార్తల్లో మనకు వినపడని ముక్క మీ బావ పంచాయతీ రేడియోలో విని వచ్చినాడు. ఆయనకు వినపడనిది మనం విన్నాం. రెండూ ఒక్కసారే మూగబోవు. నువ్వు అక్కడ రాయి, నేనిక్కడ రాస్తా. వినపడని చోట గీత పెట్టు. ఊహించి మాత్రం రాయొద్దు."

పలకలు చేసే ఇల్లు మాది, పలకకేం కొదవ! గురువారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు అరుగు మీద అంతా మగవాళ్లే. కొంగు కప్పుకుని ఓ మూల నిలబడి రాసినాను. రేడియో గొంతు మూడుసార్లు మునిగింది.

ఇంటికొచ్చి రెండు పలకలూ పక్కపక్కన పెట్టినాం. నేను గీత పెట్టిన చోట ఆమె పలక మీద మందు పేరు 'మైలుతుత్తం' అని ఉంది. ఆమెకు అందని చోట నా పలక మీద 'గిట్టలు మునిగేట్టు నిలబెట్టాలి' అని ఉంది. నీళ్లెన్ని పోయాలో మాత్రం ఇద్దరికీ వినపడలేదు.

"ఒక బిందె అయ్యుంటాదిలే," అన్నాను.

"మూగజీవాలమ్మా, ఉజ్జాయింపుగా పొయ్యగూడదు," అంది.

మరునాడు బస్సెక్కి గిద్దలూరు పశువుల ఆసుపత్రికి పోయి, ఆ ఒక్క మాటా అడిగి, అటునుంచటే పుట్టింటికి పోయింది. పక్షం రోజులకు మంద కుదురుగా నడిచింది.

తర్వాతెప్పుడో రేడియో బాగుచెయ్యడానికొచ్చిన మెకానిక్కుకు ఈ సంగతి చెప్పినాను. ఆయన పని ఆపి అక్క వైపు చూసినాడు.

"తరంగాలు ఆకాశాన తగిలి రెండు మూడు దోవల్లో కిందికి దిగుతాయమ్మా. ఒకచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఇంకోచోట కలిసి బలమవుతాయి. అందుకే పెద్ద స్టేషన్లలో దూరదూరంగా రెండు ఏరియల్ తీగలు కట్టి, ఏది బాగా పలికితే అది తీసుకుంటారు. మీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్తారు నాయనా," అని, అక్కే తిరిగి అడిగింది. "అయితే మూడోచోట ఇంకొకరిని కూర్చోబెట్టుంటే ఆ నీళ్ల మాట కూడా దొరికేదేమో?"

"దొరికేదేనమ్మా," అన్నాడాయన.

ఆమె చదివింది నాలుగో తరగతి. నేను ఎనిమిది చదివినాను. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.