నల్లనేల సొవావే

మాది బియ్యం కొట్టు. గింజ నమిలి పాతదో కొత్తదో చెప్పేసే ఇంట్లో పుట్టాను. ఎనభైల చివర్లో మెల్‌బోర్న్ ఉత్తరాన చిన్న వైన్ షాపు తీసుకున్నప్పుడు, ఆ సరుకు గురించి నాకున్న చదువల్లా ఆ గింజ నమిలే పళ్లే. చుట్టుపక్కల ఇటాలియన్ కుటుంబాలే షాపుకి ప్రాణం. వాళ్లు జారిపోతే తలుపులు మూసుకోవాల్సిందే.

వాళ్లలో తన మాట పదిమందీ వినే పెద్దమనిషి ఒకాయన, కాంక్రీటు మేస్త్రీ, కూతురి పెళ్లికి సొవావే కావాలన్నాడు. అది వాళ్ల వెరోనా వైపు తెల్ల వైన్.

"శనివారం వస్తా, రుచి చూపించు. నచ్చకపోతే వేరే షాపు ఉంది," అన్నాడు. ఆయన వెళ్లిన షాపుకే మిగతావాళ్లూ వెళ్తారు.

దిగుమతి కంపెనీ తరఫున వచ్చే ఆవిడ మూడు సీసాలు తెచ్చింది. మూడింటి మీదా సొవావే అనే ఉంది.

"పేరు ఒకటేగా, ధరలు మూడెందుకు?" అన్నాను.

ఒకటి మైదానానిది, రెండు కొండవి అంది. కొండకి ఒక పక్క సున్నపురాయి, ఇంకో పక్క పాత అగ్నిపర్వతం వదిలిన నల్లనేల. నల్లనేల అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మా వైపు నల్లరేగడి అంటే పత్తి, మిరప విరగకాయాల్సిందే.

"నల్లనేలైతే పంట దండిగా వస్తుంది. అంత పండేదానికి ఇంత ధరేంటమ్మా? తగ్గించాలి!"

ఆవిడ పడీపడీ నవ్వింది. "అది పొలం కాదు మేట్, కొండ! అన్నీ రాళ్లే. విరగకాసేది కింద మైదానంలో. అక్కడ ఒండ్రుమట్టి, కావలసినన్ని నీళ్లు. గుత్తులు బరువు, రసం పలచన."

సొవావేకి అసలు ద్రాక్ష గర్గానెగ అట. ట్రెబ్బియానో దానికి తోడు. నాకు అర్థమైనంతలో గర్గానెగ పెళ్లికొడుకు, ట్రెబ్బియానో తోడు పెళ్లికొడుకు. చౌకదైన మైదానం సీసాలో మాత్రం తోడు పెళ్లికొడుకు కూడా పీటలెక్కి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మూడూ పుక్కిలించి, అలవాటు కొద్దీ నమిలాను. వైన్ ముట్టని మా ఆవిడ వాసన మాత్రం చూసింది.

"ఏవండీ, అవి బియ్యం కాదు, మింగండి," అని, మళ్లీ ముక్కు పెట్టింది. "ఇది పూలవాసన. ఇదేమో బాదంపప్పు తొక్క నలిపినట్టుంది."

మొదటిది సున్నపురాయిది, రెండోది నల్లనేలది. మైదానం సీసాకి మా ఆవిడ ఏ వాసన పేరూ చెప్పలేదు.

దక్కన్ రేగడి కూడా అలాంటి అగ్నిపర్వతపు రాయి చితికి పుట్టిందేనని తర్వాతెప్పుడో తెలిసింది. చదునుగా పడి ఉంటే నీళ్లు పట్టి ఉంచి పత్తిని మేపుతుంది. వాలు మీద రాళ్లై నిలబడితే తీగని అర్ధాకలితో ఉంచి రసం చిక్కబరుస్తుంది. రంగు చూసి నేలకి వెలకట్టిన నన్ను చూస్తే మా కొట్లో గుమాస్తాలు కూడా నవ్వేవాళ్లు.

శనివారం మేస్త్రీ వచ్చాడు. మైదానానిది ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాడు. నల్లనేలది నోట్లో పోసుకుని నెమ్మదిగా మింగి, గ్లాసు మళ్లీ వాసన చూశాడు. ఆయన ఎంచుకునేది అదేనని నాకు నేనే పందెం కట్టుకున్నాను. మూడోది తాగి, దాన్నే ముందుకు జరిపాడు. సున్నపురాయిది!

"నల్లనేలది నచ్చలేదా?"

"ఎందుకు నచ్చలేదు? కానీ అది తోడుగా తిండి అడుగుతుంది, చెవి ఒగ్గి వినమంటుంది. పెళ్లిలో మా తమ్ముళ్లు మాట్లాడుతుంటే ఇంక దేన్ని వింటారు? ఎండలో నిలబడి నవ్వుకుంటూ తాగడానికి ఇదే మంచిది."

నేను ఆర్డరు రాసుకుంటుంటే నల్లనేల సీసా మెడ పట్టుకుని, కౌంటరు వెనకున్న మా ఆవిడ వైపు చూశాడు.

"ఇది అమ్మేయకండి. క్రిస్మస్‌కి ఇంట్లోవాళ్లమే ఉంటాం. అప్పుడొచ్చి తీసుకెళ్తా."