దొర అలమారాలోని ఎర్ర సీసా

ఇన్నేళ్లుగా దీన్ని ఒక్కదాన్నే మోస్తున్నాను. ఎవరు తలుపు తట్టినా ఇప్పటికీ నా ఒళ్లు చల్లబడుతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మలయా దేశంలోని కెడాలో ఒక రబ్బరు తోట, అక్కడి దొర బంగళాలో నేను పనిమనిషిని. కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి తెల్లదొరలు అక్కడ పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకు పిడికెడు బియ్యం చేరవేశారని అనుమానం వచ్చినా చాలు, మనిషిని పట్టుకుపోయేవారు. దొర అలమారాలో ఒక ఎర్ర వైన్ సీసా ఉండేది. ఫ్రాన్సులో పేరుమోసిన ద్రాక్షతోటదట. సీసా మీద ఆ తోట బొమ్మ: వరసగా ద్రాక్షతీగలు, వెనక పెద్ద మేడ. ఈ గొడవలు ముగిసిన రోజునే దాన్ని తెరుస్తానని వచ్చిన ప్రతి అతిథికీ చెప్పేవాడు.

మా చెల్లి పురిట్లో రక్తం పోయి పాలిపోయింది. ఎర్ర సారా తాగిస్తే రక్తం పడుతుందని మంత్రసాని అంది. కూలీలముండే మా లైన్ల ఇళ్లలో అందరూ నమ్మే మాటే అది. అలమారా తుడవమని వంటమనిషి సూరన్న తాళంచెవి నా చేతికిచ్చాడు. సీసాను చీరలో దాచి తెచ్చేశాను. వెచ్చబెట్టి, బెల్లం కలిపి తాగించాను. చెల్లి బతికింది. దానివల్లేనా? తర్వాతెప్పుడో ఒక నర్సమ్మ నవ్వి, వైన్‌తో రక్తం పట్టదంది. మరి నేను దేనికోసం చేసినట్టు?

సీసా కనపడలేదనగానే పోలీసులొచ్చారు. అడవికే చేరిందన్నారు. మమ్మల్ని వరండాలో నిలబెట్టి తోట గుమాస్తా గద్దించాడు.

"తాళం ఎవలికాడుంటాది? బేగి సెప్పు!"

"సూరన్న కాడే," అన్నాను.

సూరన్న నావైపు తిరిగాడు. "నీకూ ఇచ్చినాను గదే సెల్లీ, తుడవమని? సెప్పే!"

"నాకేటీ తెల్దు."

అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చింది? నన్ను పట్టుకుపోతే పచ్చి బాలింత గతేమిటని భయపడ్డాను. కాదు, అది తర్వాత అల్లుకున్న సాకు. నన్ను నేను కాపాడుకోవడానికే అన్నాను. సూరన్నను జైల్లో పెట్టి, ఆ పైన ఓడెక్కించి ఇండియాకు పంపేశారని విన్నాం. ఊహ తెలియని వయసులో వచ్చేసినవాడికి అక్కడ ఎవరున్నారు?

మెర్దేకా, అదే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన రోజు లైన్లన్నీ ఒకటే కేకలు. నేను మాత్రం తలుపు గడియ పెట్టుకున్నాను. రాజ్యం మారింది, ఇక పంపేసిన వాళ్లను రానిస్తారని, సూరన్న తిరిగొస్తాడని భయం. అయ్యో, ఏ పాపం ఎరగనివాడు ఇల్లు చేరతాడేమోనని వణికిన పాపిష్టిదాన్ని! అతను రాలేదు.

ఆ సీసా తీసింది నేను. చెప్పేశాక కాస్త ఊపిరాడుతోంది. క్షమించమని అడగను. క్షమించాల్సినవాడు మీరు కాదు. సూరన్న పేరు ఆనాడు ఒక్క క్షణంలో చెప్పేశాను. నా పేరు ఈ కింద రాద్దామని ఇందాకటి నుంచి కలం పట్టుకు కూర్చున్నాను. చెయ్యి కదలడం లేదు.