ఎముకలకు వేసిన పాలిష్

గ్రానైటు జిగురు కంపు తగిలితే ఇప్పటికీ ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాను.

చీమకుర్తి దగ్గర ఒక మిరప చేలో ట్రాక్టరుకు రాక్షసగుడి బండ తగిలింది. ఏనాటివాళ్లో కట్టుకున్న రాతి సమాధులను మావైపు అలాగే అంటారు. బండ కింద ఒక మనిషి ఎముకలు, పళ్లతో సహా ఉన్నాయి. పాత ఎముకలను పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగం. ఎముకలో మిగిలిన కార్బన్‌ను బట్టి ఎప్పటివాడో, పంటి మీది పింగాణీ పొరను బట్టి చిన్నప్పుడు ఏ నేల నీళ్లు తాగాడో చెప్పొచ్చు.

"మా నేలవాడేనా అమ్మా, ఎక్కణ్ణుంచన్నా వచ్చాడా?" అని అడిగింది ఆ చేను గల మామ్మ. తేల్చి చెప్తానన్నాను. ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని చెప్పి, సామాను తెచ్చుకోవడానికి వెళ్లాను.

రెండు రోజుల తర్వాత వచ్చేసరికి ఎముకలు తళతళలాడుతున్నాయి. ఫొటోలు తీసేవాళ్లు వస్తున్నారని మా పైఅధికారి గ్రానైటు కటింగ్ యూనిట్ నుంచి ఒకతన్ని పిలిపించాడట. అతను పళ్లను పింగాణీ పోయేదాకా ఎమెరీ కాగితంతో రుద్ది, పగిలిన పలకలకు పూసే జిగురు ఎముకలకు పట్టించాడు. అతన్ననేదేముంది, రోజూ చేసే పనే చేశాడు.

"చూశావామ్మా, అద్దంలా ఉన్నాయి!" అని ఇకిలించాడు అధికారి. నాకు ఒళ్లు మండింది. ఆ జిగురు పెట్రోలియం సరుకనీ, దానిలోని కార్బన్ ఎముకలో కలిసి వయసు లెక్క తప్పుతుందనీ చెప్పాను.

"ఎవడు చూడొచ్చాడులే" అన్నాడు.

మామ్మ నన్ను పక్కకు లాగింది. "కాయలారబోసే పట్టా కప్పి కాపలా కూర్చున్నానమ్మా. ముట్టుకోవద్దన్నావని పసుపన్నా పెట్టలేదు, దూరం నుంచే దణ్ణం పెట్టుకున్నా. వీళ్లేమో డబ్బాతో తెచ్చి పూశారు. మీవాళ్లేనంటే నోరు మూసుకున్నా."

ల్యాబులో గీకాను, మందుల్లో నానబెట్టాను. ఆ దరిద్రపు జిగురు లోపలిదాకా దిగింది. ఏమీ తేలదని రాసిచ్చాను. అధికారి ఆ కాగితాన్ని సొరుగులో పడేశాడు.

ఒంగోలు మ్యూజియంలో ఎముకలను అద్దాల పెట్టెలో పెట్టారు. కింద బోర్డు మీద అవి ఎన్నేళ్ల నాటివో అధికారి నోటికొచ్చిన అంకె, ల్యాబు పరీక్షలో తేలిందన్న మాట. మామ్మ బస్సెక్కి వచ్చింది. చదువు రాదు, నన్నే చదవమంది. చదివాను. అధికారి వెనకే నిలబడి ఉన్నాడు.

మామ్మ పెట్టె ముందు చెప్పులు విడిచింది. "ఇన్నేళ్లుగా మా చేలోనే ఉన్నాడా తండ్రి! అయితే మా నేలవాడేనామ్మా? నువ్వే తేల్చావా?"

"అవును మామ్మా" అన్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.