పెదనాన్న తలలో నీలిరంగు

మా పెదనాన్న మెదడులో ఒక రక్తనాళం గోడ పలుచబడి చిన్న సంచిలా ఉబ్బిందని స్కానింగులో తెలిసింది. డాక్టరు దానిని అన్యూరిజం అన్నాడు. పగలవచ్చు, పగలకపోవచ్చు, తల తెరిచి సంచి మెడకు క్లిప్పు పెట్టడం మంచిదని తన అభిప్రాయం చెప్పాడు. ఆలోచించుకుంటానన్నాడు పెదనాన్న. చుట్టూ కన్నడం మాట్లాడే కాడుగోడిలో, మా తెలుగు చర్చిలో పాటల బృందానికి ఆయనే నాయకుడు. పై స్వరం అందుకుంటే మెడ నరాలు తేలేవి.

అది రెండువేల దశకం మధ్యకాలం. నేను బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక ఆఫీసులో, పంపుల్లో నీరు ఎలా ప్రవహిస్తుందో కంప్యూటర్‌లో లెక్కగట్టేవాణ్ణి. ఆ ఉద్యోగం ఏమిటో అంతవరకు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

"పంపులో నీళ్లు చూస్తావంట గదప్పా. తలకాయలో రగతం చూడలేవా?" అంటూ పెదనాన్న స్కానింగ్ సీడీ నా చేతిలో పెట్టాడు.

చూడవచ్చు. నాళం ఆకారం తీసుకుని, అందులో రక్తాన్ని పారించి, అది గోడను ఎంత బలంగా రాసుకుంటూ పోతోందో రంగుల్లో చూపవచ్చు. ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే నీలం. ప్రింటు తీసి ఇచ్చాను. సంచి మెడ దగ్గర ఎర్రటి మచ్చ ఉంది.

ఆ మచ్చ ఇంటిల్లిపాదికీ శత్రువైంది. నర్సుగా రిటైరైన పెద్దమ్మ, విజిల్ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడతాడని కుక్కర్‌ను ముందే దించేసేది. పప్పు పలుకుపలుకుగా తిన్నాం. ఇంటికి ప్రార్థనకు వచ్చినవాళ్లు ఆమెన్‌ను కూడా గుసగుసగా అనేవారు.

"మెట్లెక్కితే ఎట్లుంటాదో అదీ చూడప్పా," అన్నాడు పెదనాన్న.

ప్రవాహం పెంచి మళ్లీ లెక్కించాను. రెండు స్థితుల్ని పోల్చాలంటే రెండింటికీ ఒకే రంగుల కొలబద్ద ఉండాలి. మెట్లెక్కినప్పటి పెద్ద అంకెలు పట్టేలా ఆ కొలబద్ద పై అంచు పెరగడంతో, కూర్చుని ఉన్నప్పటి బొమ్మలో ఎరుపు పోయి అంతా నీలమైంది. తలలో మాత్రం ఏదీ మారలేదు. ఆ మాట బొమ్మ కిందే రాసి ఇచ్చాను. బైబిలు సంచిలో పట్టలేదని పెద్దమ్మ ఆ కింది అంచును కత్తెరతో కత్తిరించేసింది.

ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ పెదనాన్న పాత బొమ్మనూ, కొత్త బొమ్మనూ పైకెత్తాడు. "పోయిన వారం ఎర్రగా ఉన్నింది. ఇప్పుడు నీలంగా ఉండాది. ఇంక ఆపరేషన్ ఎందుకప్పా?"

సంఘమంతా ఈసారి గట్టిగానే ఆమెన్ అంది.

నేను లేచాను. నాదీ సాక్ష్యమే అనుకుని పాస్టరుగారు మైకు ఇచ్చారు. కొలబద్ద సంగతి చెప్పాను. నీలం అంటే క్షేమం కాదన్నాను. దూసుకొచ్చి గుద్దే ధార గోడను పాడుచేస్తుందని కొందరు అంటారనీ, నెమ్మదిగా సుడి తిరిగే రక్తమే గోడను బలహీనం చేస్తుందని మరికొందరు అంటారనీ, రెండూ నిజం కావచ్చనీ చెప్పాను.

"ఎరుపూ మంచిది కాదు, నీలమూ మంచిది కాదా?" అంది ముందు వరుసలోని ఒక ముసలామె.

"కాదమ్మా."

"మరి ఆకుపచ్చ?"

పాస్టరుగారు మెల్లగా మైకు వెనక్కి తీసుకుని, ఆకుపచ్చ కోసం ప్రార్థిద్దామన్నారు.

"నీ కంప్యూటరుకే తెలీకపోతే ఎట్లప్పా? పా, డాక్టరునే అడుగుదాం," అన్నాడు పెదనాన్న బయటికొచ్చాక.

డాక్టరూ తెలుగువాడే. బొమ్మలు రెండూ మర్యాదగా చూశాడు. "రంగులు పక్కన పెట్టండి. సంచి మీద ఇంకో చిన్న బొడిపె లేచింది చూడండి. అది నాకు నచ్చలేదు."

"అది ఏం రంగులో ఉండాది సార్?"

"తల తెరిచాక అంతా ఎరుపేనండీ."

పెదనాన్న పడిపడి నవ్వాడు. ప్రెషర్, ప్రెషర్ అంటూ పెద్దమ్మ ఆయన చేయి పట్టుకుంది. ఆ నవ్వులోనే, "ఎప్పుడు చేస్తారు సార్?" అన్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. గుండు మీద మఫ్లర్ చుట్టుకుని మంచంలో లేచి కూర్చున్న రోజు నన్ను పిలిచాడు.

"ఇప్పుడు ఏం రంగప్పా?"

"క్లిప్పు పెట్టాక సంచిలోకి రక్తమే పోదు పెదనాన్నా. రంగే ఉండదు."

"సుమ్మనే, ఊరికే అడిగినాలే," అన్నాడు, కొంచెం బేజారుగా.

మళ్లీ చర్చికి వచ్చిన ఆదివారం, సాక్ష్యాల వేళ ఆయన ఏ రంగూ లేని ఒక తెల్ల కాగితం పైకెత్తి చూపించాడు. సంఘమంతా నావైపు తిరిగింది. నేను తల ఊపాకే ఆమెన్ అన్నారు.