ఒకవేళ డ్రైవరు

"నన్ను చూడగానే జనం నోట్లోంచి వచ్చే మొదటి మాటేంటో తెలుసా చెల్లెమ్మా? 'అయ్యో, ఆయనకేమైంది?' అని. రోజూ వచ్చే డ్రైవరు సీట్లో నేనుంటే మరి, ఆయన మంచం పట్టాడో, ఇంకేమైందో అని వాళ్ల దిగులు. పద్దెనిమిదేళ్లుగా ఏ బండెక్కినా చెడు కబురు లాగానే వెళ్తున్నాను."

నవ్వుతూనే గోడ గడియారం వంక చూశాడు. తొమ్మిదీ పది.

బస్సు డిపోలో డ్యూటీ బోర్డు కింద ఒక చెక్క బెంచీ ఉంది. యూనిఫాం వేసుకుని పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చోవడం అతని ఉద్యోగం. ఏ డ్రైవరైనా రాకపోతే ఆ బండి అతను తీయాలి. అందరూ వస్తే, తొమ్మిదీ నలభై బండి గేటు దాటిన దగ్గర్నుంచి మధ్యాహ్నం దాకా అతనికి విడుపు. బోర్డు మీద అందరి పేర్ల పక్కనా రూటు నంబర్లుంటాయి. అట్టడుగున అతని పేరు పక్కన 'కంటింజెన్సీ' అని ఉంటుంది.

"కొత్తలో అదేదో పెద్ద హోదా అనుకున్నా. అక్కకి గొప్పగా చెప్పా. 'అంటే ఏంట్రా?' అంది. మర్నాడు అప్పట్లో డ్యూటీలు వేసే కంట్రోలర్‌ని అడిగితే తల ఎత్తకుండా 'ఒకవేళ' అన్నాడు. ఒకవేళ ఏంటి సార్ అన్నా. 'ఒకవేళ ఎవడైనా రాకపోతే, ఒకవేళ బండి ఆగిపోతే, ఒకవేళ వంతెన మూసేస్తే... వాటన్నిటికీ కలిపి నువ్వు' అన్నాడు. అది విని అక్క కడుపు పట్టుకుని నవ్వింది. ఆవేళ్టి నుంచి ఇంట్లో నా పేరు ఒకవేళ. ఎలా పాకిందో ఏమో, ఇక్కడా అదే పేరు."

డిపో గేటు ఎదుట బస్సు పాసుల ఫోటోలు తీసే కొట్టు నాది. పదింటికి గానీ బేరం మొదలవదు కాబట్టి కాసేపు అతని పక్కన కూర్చుని కబుర్లు వింటాను. ఇరవై రెండు రూట్లు అతనికి నోటికొచ్చు. ఏ మలుపులో చెట్టుకొమ్మ అద్దానికి తగులుతుందో, ఏ స్టాపులో ముసలాయన ఎక్కేదాకా ఆగాలో చెబుతాడు. ఇంకొకరి సీటు జరిపితే మర్నాడు పోట్లాటకొస్తారని, వీపు వెనక పెట్టుకోవడానికి మడతపెట్టిన దుప్పటి ముక్క సంచిలో వేసుకుని తిరుగుతాడు. సొంత రూటు కావాలని మూడుసార్లు అర్జీ పెట్టాడు.

"మూడుసార్లూ ఒకటే జవాబు. 'అన్ని రూట్లూ తెలిసినవాడివి, నిన్ను లేపితే ఆ బెంచీ మీద ఎవర్ని కూర్చోబెట్టను?' అని. ఒక్క రూటు వచ్చినవాడికి రూటిచ్చారు. అన్నీ వచ్చినందుకు నాకు బెంచీ దక్కింది."

ఆ రోజు మాత్రం బెంచీ మీద నిలకడగా లేడు. కాలు కాలిన పిల్లిలా కంట్రోలర్ కిటికీకీ బోర్డుకీ మధ్య తిరుగుతున్నాడు. పదకొండింటికి వాళ్లక్కకి ఆపరేషన్. మెడలో గడ్డ. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే, ఇప్పటికీ ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. ఆపరేషన్ గది బయట రోగి తాలూకు మనిషి ఉండి తీరాలట. పిలిచినప్పుడు ఎవరూ పలక్కపోతే తేదీ మార్చేస్తారు.

"ఇప్పటికే రెండుసార్లు మారింది. మొదటిసారి వాళ్ల మిషను చెడింది. రెండోసారి నాకు బండి పడింది. ఇంకా ఆగితే గొంతు దక్కదన్నాడు డాక్టరు. నిన్న నా చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు చెల్లెమ్మా. ఒకవేళ రక్తం కావాల్సి వస్తే, ఒకవేళ మాట పోతే, ఒకవేళ... చివరిది చదవలేదు. పెట్టేశా."

"సెలవడగలేదా అన్నా?"

"అడిగా. నాకు బదులు కూర్చునే ఆయన చెయ్యి విరిగి కట్టుతో ఇంట్లో ఉన్నాడు. ఇంకెవరిస్తారు?"

తొమ్మిదిన్నరకి ఇద్దరు డ్రైవర్లు కలిసి వచ్చారు. సంతకం పెడుతూ ఒకడు, "ఏం ఒకవేళా, మేం రామని ఆశపడుతున్నావా?" అన్నాడు.

"నువ్వు నిండు నూరేళ్లూ డ్యూటీకి రారా బాబూ. ఇవాళ మరీ రా!" అన్నాడు ఇతను. ముగ్గురూ నవ్వారు.

ఇక రావాల్సింది తొమ్మిదీ నలభై ఫ్యాక్టరీ బండి నడిపే బక్కాయన ఒక్కడే. పదకొండేళ్లలో ఒక్క రోజు నాగా పెట్టని మనిషి. "ఆయన వస్తాడు. ఆయన్ని చూసే మా గడియారం నడుస్తుంది" అంటూ ఇతను సంచి భుజానికి తగిలించుకున్నాడు.

కిటికీ వెనక ఫోను మోగింది. కంట్రోలర్ చాలాసేపు విన్నాడు. ఫోను పెట్టేసి కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బాబాయ్..."

"ఏమైంది ఆయనకి?"

"మెట్ల మీద జారాడట. లేవలేకపోతున్నాడు." కంట్రోలర్ కొక్కేనికున్న తాళం చేతిలోకి తీసుకున్నాడు. "నాకు తెలుసు బాబాయ్, ఇవాళ మీ అక్కకి... కానీ ఫ్యాక్టరీ రూటు. షిఫ్టుకెళ్లేవాళ్లు స్టాపుల్లో నిలబడి ఉంటారు. నేను తీద్దామంటే నాకు లైసెన్సు లేదు. నువ్వే చెప్పు, ఎవర్ని పంపను?"

ఇతను బోర్డు వంక పైనుంచి కిందికి చూశాడు. బక్కాయనది తప్ప అన్ని పేర్ల పక్కనా టిక్కులు పడి ఉన్నాయి. బక్కాయన మీద కోప్పడదామన్నా ఎలా కోప్పడతాడు? ఫ్యాక్టరీ ఊరికి ఆ చివర, ఆసుపత్రి ఈ చివర. తిరిగొచ్చేసరికి పన్నెండున్నర దాటుతుంది. తాళం కోసం కిటికీలోకి చెయ్యి చాచాడు.

బండి ఎక్కబోతూ ఆగాడు.

"చెల్లెమ్మా, ఇవాళ కొట్టు తెరవకు. నువ్వెళ్లు. రెండో అంతస్తు, మెట్లెక్కగానే పచ్చ తలుపు. 'పన్నెండో మంచం తాలూకు ఎవరు?' అని కేకేస్తారు. వెంటనే చెయ్యెత్తు, ఆలస్యమైతే పక్క మంచాన్ని పిలిచేస్తారు. ఏమవుతావంటే సొంత చెల్లెలినని చెప్పు, నీళ్లు నమలకు. బయటికి తెచ్చాక అక్క మాట్లాడలేకపోవచ్చు. కళ్లతో వెతుకుతుంది. గోడ వైపు నిలబడకు, ఆవిడ చూపు పడే చోట నిలబడు. అదిగో ఆసుపత్రి రూటు బస్సు కదులుతోంది, నేను చెప్పానని ఆపమను, పరిగెత్తు తల్లీ!"