చెయ్యి కాలిన తొమ్మిది రోజులు

నాకు ఏడేళ్లు వచ్చేదాకా మా నాయిన నన్ను ఎత్తుకున్న గుర్తు లేదు. తాత ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాడు. మా దిక్కున పెద్దవాళ్ల ఎదుట కన్నబిడ్డను ముద్దు చేయడం మర్యాద కాదు. తమ్ముడి పిల్లలను చంకన వేసుకోవచ్చు కానీ, సొంత బిడ్డను చూసీ చూడనట్టు ఉండాలి. అమ్మతోనూ అంతే. ఏదైనా కావాలంటే నాయిన అవ్వతో చెప్పేవాడు, అవ్వ అమ్మతో చెప్పేది. ముగ్గురూ ఒకే వాకిట్లో ఉన్నా సరే.

మా ఊరు నకిరేకల్‌కు రెండు కోసుల దూరం. అప్పటికింకా నిజాం రాజ్యమే. శివరాత్రి దాటగానే అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. వాళ్ల ఊరు యాదగిరిగుట్ట దిక్కున, బండి మీద రెండు రోజుల దారి. నన్ను వెంట తీసుకుపోలేదు. అవ్వకు చూపు సరిగా ఆనదు, చేతి కింద ఒకరుండాలని నన్ను వదిలిపెట్టింది. బండి కదిలేటప్పుడు, "అవ్వ చెప్పినట్టు ఇను బిడ్డా, జల్దినే వస్త" అన్నది. ఆ జల్ది ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేదు. రోజూ పొద్దున అమ్మ పండుకునే జాగాలో కాసేపు పండుకునేదాన్ని. కొన్నాళ్లకు ఆ చాపకు అమ్మ వాసన పోయింది. నేను ఎక్కువ పండుకుని పోగొట్టాననుకున్నాను.

ఒకనాడు అవ్వ పొయ్యి మీద గటక పెట్టి, కట్టెల కోసం పెరట్లోకి పోయింది. జొన్నరవ్వ ఉడికేటప్పుడు కుండలో బుడగలు లేచి పగులుతుంటాయి. అమ్మ ఒక మోకాలు నేలకానించి తెడ్డుతో కలిపేది. నేనూ అట్లాగే కూర్చుని తెడ్డు పట్టుకున్నాను. ఒక పెద్ద బుడగ పగిలి, గటక ముద్ద ఎగిరి నా కుడిచేతి మీద పడింది. జిగట కదా, విదిలిస్తే రాలలేదు. లంగాకు తుడుచుకుంటే ఇంకా పరుచుకుంది. అప్పుడు "అమ్మా" అని అరిచాను.

బావి దగ్గర నీళ్లు తోడే మోట ఆపి తిండికని నాయిన అప్పుడే ఇంటికొచ్చాడు. అరుగు మీద తాత ఉన్నాడు. నాయిన ఆయన ముందు నుంచే ఉరికి వచ్చి, పొయ్యి దగ్గర నన్ను రెండు చేతులతో ఎత్తుకుని, మళ్లీ ఆయన ముందు నుంచే వాకిట్లోని నీళ్ల గోలెం దగ్గరికి తెచ్చాడు. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంబుతో చేతి మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. గోలెం సగమైనా ఆపలేదు.

అవ్వ తడుముకుంటూ వచ్చి, "నీళ్లు పోస్తే పొక్కుతది కొడుకా. జర పేడ పెడదాం" అన్నది.

"పేడ వద్దు. మోట తాడు ఒరుసుకుంటే నేను చెయ్యి నీళ్లల్లనే పెడ్త. మంట గుంజుకుంటది."

నాతో, "ఇంక మండుతాందా బిడ్డా?" అన్నాడు. నాయిన నన్ను అట్లా సూటిగా అడగడం అదే మొదలు. నేను తల ఊపాను.

అవ్వ తాంబూలానికి పెట్టుకున్న సున్నంలో నీళ్లు పోసి కలిపి, అడుగున పేరుకున్నాక పై తేట వంచింది. ఆ తేటలో నువ్వుల నూనె పోసి వేళ్లతో గిలక్కొడితే తెల్లగా, మీగడలాగా అయింది. నాయిన కోడి ఈకను కడిగి ఆరబెట్టి, దానితో ఆ మందును పైపైన రాశాడు. అప్పటికే చేతి మీద చింతగింజంత పొక్కు లేచింది. "దీన్ని ముట్టకు. అదే అణుగుతది" అన్నాడు. దండెం మీది ఉతికిన రుమాలు తీసి, దాని అంచు చింపి, వదులుగా చుట్టాడు. తలకు చుట్టుకునే రుమాలును చింపుతాడని నేను అనుకోలేదు.

కాలింది కుడిచెయ్యి కాబట్టి ఆ పొద్దు నాయినే తినిపించాడు. ముద్దలు నాకు పెద్దవయ్యాయి. నోరు నిండి నమల్లేకపోయినా చెప్పలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున మోటకు పోయే ముందు గుడ్డ విప్పి, చెయ్యి చూసి, ఈకతో మందు రాసి మళ్లీ కట్టేవాడు. అవ్వకు పాపిడి కనపడదని జడ కూడా ఆయనే వేశాడు. ఎడ్లకు పగ్గం పేనినట్టు బిగించి పేనితే కళ్లు పైకి గుంజుకుపోయేవి. ఒకసారి మధ్యలో ఆగి, "మీ అమ్మ గిట్లనే ఏస్తదా?" అని అడిగాడు. "గిట్లనే" అన్నాను. అమ్మ అట్లా వేయదు. సరిగ్గా ఆ వేళకు తాత కర్ర తీసుకుని ఏదో పని ఉన్నట్టు బయటికి పోయేవాడు. మాకోసమే పోయేవాడని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తోచలేదు.

ఐదో రోజుకు పొక్కు అణిగింది. ఏడో రోజుకు పై తోలు ఎండి లేచింది, కింద లేత గులాబీ చర్మం కనిపించింది. ఎనిమిదో రోజున నాయిన బొటనవేలితో మెల్లగా ఒత్తి, "నొస్తాందా?" అన్నాడు. నొప్పి ఏమీ లేదు. "నొస్తాంది" అన్నాను. ఆయన నా ముఖంలోకి చూశాడు. ఇంకోసారి ఒత్తి, మందు రాసి గుడ్డ చుట్టాడు. తొమ్మిదో రోజూ అట్లాగే చుట్టాడు. పదో రోజున గుడ్డ విప్పి, ఉతికి దండెం మీద వేసి మోటకు పోయాడు. నేను ఆ చెయ్యి ముందు పెట్టుకుని గడపలో కూర్చున్నాను. మళ్లీ పొయ్యి దగ్గరికి పోదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. భయమేసి పోలేదు.

అమ్మ తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చేసరికి ఎండలు ముదిరాయి. నేను ముందు చెయ్యి చూపించాను. మచ్చను తడిమి, "మందెవరు కట్టిన్రు?" అని అడిగింది. "నాయిన" అన్నాను. నమ్మనట్టు అవ్వ వైపు చూసింది. అవ్వ అవునన్నది. ఆ సాయంత్రం నాయిన వచ్చాడు. ఎప్పటిలాగే మమ్మల్ని చూసీ చూడనట్టు పోయి తాత పక్కన కూర్చున్నాడు.

తర్వాత ఇసుర్రాయి ముందు నేనూ అమ్మా ఎదురెదురుగా కూర్చున్నప్పుడల్లా అమ్మ ఆ సంగతి అడిగేది. ఎత్తుకున్నప్పుడు తాత చూశాడా, ఒళ్లో ఎంతసేపు కూర్చోబెట్టుకున్నాడు, ముద్దలు ఎట్లా పెట్టాడు. తెలిసినవే మళ్లీ మళ్లీ అడిగేది. చెబుతుంటే రాయి మెల్లగా తిరిగేది. ఒకనాడు జొన్నలు పోస్తూ, తల ఎత్తకుండా, "నా ముచ్చట గిట్ల ఏమన్న తీసిండా?" అన్నది.

జడ గురించి అడిగిన ఒక్క మాటే ఉంది. అది చెబితే అమ్మకు చాలదనిపించింది.

"రోజు అడిగిండు" అన్నాను. "ఎప్పుడొస్తదో అని రోజు అడిగిండు."

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "పిండి ముతకగ వస్తాంది, జర నిమ్మలంగ తిప్పు" అన్నది. ఆ అబద్ధాన్ని నేను ఎప్పుడూ సరిదిద్దలేదు. నాయిన పోయి, అమ్మ నా దగ్గర ఉన్న ఏళ్లలో, నా బిడ్డలకు ఆ మాట తానే చెప్పేది. వారం దినాలు అడిగిండట అని ఒకసారి, నెలంతా అడిగిండట అని ఇంకోసారి. నేను పక్కనే ఉండి వినేదాన్ని.